తెలుగు తలదాచుకున్న బజారు

కోఠీ అంటే మేడ. హైదరాబాదులో ఆ మేడ ఇంగ్లీషు రెసిడెంటుది. దాని చెంతనున్న పేటను రెసిడెన్సీ బజారనేవారు. 1933లో నిజాముకు తిరిగి దక్కాక సుల్తాన్ బజారు అయింది. నిజాం రాజ్యంలో కచేరీల్లోనూ పెద్ద బడుల్లోనూ ఉర్దూదే పెత్తనం. రెసిడెంటు ఏలుబడిలోని ఈ పేటలో మాత్రం, 1901లో, రావిచెట్టు రంగారావుగారు తమ యింట్లోనే తెలుగు పుస్తకాలకు చోటిచ్చారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైన పెద్దలు చేయి కలిపారు. అదే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. 1921లో దానికి సొంత భవనం అమరింది. సొంతగడ్డ మీద సొంత భాషలో చదువుకోవడానికి ఒక గది వెతుక్కోవలసిన రోజులవి! చీరలకూ గాజులకూ సుల్తాన్ బజారు వెళ్ళినప్పుడు, పిల్లలతో ఆ గుమ్మం కూడా తొక్కి రండి.