జాందార్ బొమ్మ

మా ఇళ్ల గోడలకు బొమ్మలుండవు. కాబా ఫోటో, మదీనా ఫోటో, అద్దం కట్టించిన ఆయతుల్ కుర్సీ, ఉర్దూ తేదీలు కూడా ఉన్న ఓ కేలండరు. అంతే. ప్రాణమున్న దాని బొమ్మ, మా మాటల్లో జాందార్ తస్వీర్, వేసినవాణ్ణి ఖయామత్ రోజున నిలబెట్టి దానికి ప్రాణం కూడా పొయ్యమంటారని దాదీలు, నానీలు చెప్పగా విని పెరిగాం. చెట్టు వెయ్యొచ్చు. పువ్వు, పడవ, మసీదు మినారు వెయ్యొచ్చు. మేకను వెయ్యకూడదు.

కూచిపూడి చుట్టుపక్కల పుట్టిన పిల్లలు జంతువుల్ని తప్పించుకుని ఎక్కడికి పోతారు? కాలవలో గేదెలు, నాట్లేసిన చేలల్లో కొంగలు, సంక్రాంతికి గంగిరెద్దు. ఊళ్లో ఆట నేర్చుకునే పిల్లలు వేళ్లు వంచి జింక తలను, సింహం మొహాన్ని, నెమలిని గాలిలో నిలబెడుతుంటే అరుగుల మీద కూచుని చూసేవాళ్లం. మృగశీర్షం, సింహముఖం, మయూరం. వాళ్ల అగ్రహారం 1672 నుంచి 1687 దాకా గోల్కొండ ఏలిన అబుల్ హసన్ తానీషా ఇచ్చిందేనని ఊరంతా చెప్పుకుంటుంది. మాకైతే మరీ ప్రేమగా చెబుతారు, "మీ నవాబే కదరా" అని. నవాబు మావాడు, ఆట వాళ్లది. సరే, అది ఇంకో వ్యాసం.

జంతువుల బొమ్మలు మేం నేర్చుకున్నది హైస్కూల్లో. డ్రాయింగ్ లోయరు, హయ్యరు పరీక్షలకు పిల్లల్ని తయారుచేసే మాస్టారొకరు చెక్కతో చేసిన ఘనం, స్థూపం, శంఖువు టేబిలు మీద పెట్టి గీయించేవారు. చెయ్యి కుదిరాక, "ఇప్పుడు వీటితోనే మేకను కట్టండి" అన్నారు. గీయండి అనలేదు, కట్టండి అన్నారు. మేమంతా ముక్కు దగ్గర మొదలెట్టి తోక దాకా అంచు లాగేవాళ్లం. అది నేలమీద పరిచిన తోలులా ఉండేది. ఆయన దాన్ని చెరిపించారు. ముందు ఛాతీకి పెద్ద గుడ్డు. వెనక తుంటికి చిన్న గుడ్డు. రెంటి మధ్యా ఉట్టి మోసే తాడులా కాస్త కిందికి సాగిన పొట్ట. మెడ ఓ స్థూపం, తలవైపు సన్నగా. తల చివర్లు కోసిన దిమ్మ. కాళ్లు ఒక్కొక్కటీ రెండు మూడు గొట్టాలు. ఇవన్నీ కుదిరాకే తోలు కప్పడం. వెలుగు ఎటునుంచి పడుతుందో చూసి గుడ్డుకు అవతల నీడ వేస్తే కాగితం మీంచి మేక లేచి నిలబడేది.

మాకు అసలు సంబరం వేరే ఉంది. గుడ్డుకు జాన్ లేదు. స్థూపానికి జాన్ లేదు. మరి ఇవి ఏ గీత దగ్గర జాందార్ అవుతాయి? అన్నదమ్ములం, పెదనాన్న పిల్లలం కూచుని దీనిమీద పెద్ద పంచాయతీ నడిపాం. తల లేనిదైతే బొమ్మ కిందికి రాదని పాతకాలం ఆలిముల్లో చాలామంది చెప్పిన మాట ఎవరో పట్టుకొచ్చారు. అంతే, మా నోటుపుస్తకాల నిండా తలల్లేని మేకల మంద!

ఆ మందలో మా మేకలే క్లాసులో అందరివాటికన్నా గట్టిగా నిలబడ్డాయి. ఎందుకో మాస్టారికి అర్థం కాలేదుగానీ మాకు తెలుసు. ఘనం, స్థూపం, శంఖువు మాకు తెలుగులో బడి ఇచ్చిన మాటలు. గర్దన్, సీనా, దస్త్, రాన్, పాయా ఉర్దూలో వంటిల్లు ఇచ్చినవి. మామూ మాంసం కొట్టు దగ్గర నిలబడ్డ పిల్లలకి మేక లోపలి నుంచి తెలుస్తుంది. ముందుకాలు, అంటే దస్త్, కత్తి మొనతోనే ఊడొస్తుంది. ఎందుకంటే దానికీ మొండేనికీ మధ్య ఎముక కీలే లేదు, కండే పట్టి ఉంచుతుంది. వెనకకాలు, రాన్, అలా రాదు. తుంటి గిన్నెలో బంతిలా కూచుని ఉంటుంది. అందుకే మేక నడిచేటప్పుడు దాని భుజం తోలు కింద జారుతుంది, తుంటి జారదు. వెనక్కి వంగిన మోకాలని అందరూ అనుకునేది మోకాలు కాదు, మడమ. మేక జీవితమంతా వేలి గోళ్ల మీదే నిలబడుతుంది. ఇవి ఏ డ్రాయింగ్ పుస్తకంలోనో చదివినవి కావు. నలుగురిలో చెప్పుకోడానికి సిగ్గుపడమని మాకు నేర్పిన విద్య ఇది. "కసాయోళ్లు" అనే మాట వెనకాల ఎంత శరీరశాస్త్రం ఉందో అనేవాళ్లకు తెలీదు.

ఒకసారి మా దాదీ కళ్లజోడు సర్దుకుని ఆ పుస్తకం చూసింది. తిడుతుందని భయపడ్డాం. "దస్త్ ఇత్తా నీచే నై రైతా బేటా" అంది వేలు పెట్టి చూపిస్తూ. గునా సంగతి ఆ నిమిషానికి ఆమెకు గుర్తులేదు.

రెండో పాఠం పీర్ల పండుగ నేర్పింది. మొహర్రానికి పులివేషం కట్టేవాళ్ల ఒంటికి పసుపురంగు పూసి నల్లచారలు దిద్దుతారు. చార చేతిని గాజులా చుట్టి వెళ్తుంది, పొట్టమీద ఉబ్బుతుంది, వీపు గాడిలో దిగుతుంది. చారలే ఒంటి గుండ్రదనాన్ని చెబుతాయి. కాగితం మీద నిలువుగీతలు కొడితే అది పులి కాదు, జంఖానా. 1621లో జహంగీరు దర్బారుకు జీబ్రా వస్తే దానికి రంగులు పూశారేమోనని పరీక్షించి చూశారట. దాన్ని బొమ్మగా వేసిన ఉస్తాద్ మన్సూర్ ముసల్మానే. మాకు చెప్పిన ఫత్వా ఆయనకు ఎవరూ చెప్పకుండా ఉంటారా?

బి.ఎ.కి బెజవాడ వెళ్లాక లైబ్రరీలో సెజాన్ గురించి చదివాం. ప్రకృతిని స్థూపంగా, గోళంగా, శంఖువుగా చూడమని 1904లో ఓ యువ చిత్రకారుడికి ఉత్తరం రాశాడట. గొప్ప మాటే. కానీ బెజవాడ పక్కనే కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో మొండెం వేరుగా, కాళ్లూ చేతులూ వేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికే పనివాళ్లకు ఆ ఉత్తరంతో పనేముంది? అతుకు మీద సున్నం, సున్నం మీద రంగు. ఆవైనా ఏనుగైనా అంతే.

ఆ రోజుల్లోనే ఒక బొమ్మల పోటీకి వెళ్లాం. అంశం, ఇష్టమైన జంతువు. తల ఉన్న మేకను వేశాం. పేరు చదివిన పెద్దమనిషి ముందు "మీలో బొమ్మలు నిషేధం కదా?" అన్నాడు. తర్వాత బొమ్మ చూసి, "మేకేనా! మీకు ఇష్టం ఉండదూ మరి, బిర్యానీకి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇంట్లో వెయ్యొద్దన్నారు, బయట వేశావేమన్నారు. రెండుచోట్లా మాట ఒకటే.

ఆయన బొమ్మను మళ్లీ ఒకసారి చూసి ఉంటే కన్ను కనిపించేది. చివరగా పెట్టింది అదే. మేక కన్ను తల ముందు కాదు, దిమ్మకు పక్కగా ఉంటుంది. లోపల పాప గుండ్రంగా ఉండదు, అడ్డంగా పడుకున్న గీతలా ఉంటుంది. తల ఎటు వంచినా ఆ గీత నేలకు సమంగానే ఉండేట్టు తిరుగుతుంది. బక్రీదుకు ముందు పది రోజులు పెరట్లో కట్టేసి, అవిసాకు చేత్తో తినిపించి, పేరు పెట్టి పిలిచినవాళ్లం కాబట్టి తెలుసు.