చాటలో బియ్యం

పొద్దున్నే టీకొట్టు దగ్గర మళ్లీ అదే మాట: "ఉచిత బియ్యంతో జనం సోమరులైపోయారండీ, నాట్లకి కూలీలే దొరకడం లేదు." నలుగురూ తలూపారు. నేను ఊపలేకపోయాను.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం మొదలుపెట్టేనాటికి మా ఇంట్లో రెండు పూటలా అన్నం ఉండేది కాదు. అమ్మ గుడ్డసంచీ, కార్డు పట్టుకుని డిపో ముందు వరసలో నిలబడేది. తెచ్చిన బియ్యం అరుగు మీద చాటలో పోసి చెరిగేది, రాళ్లు ఏరేది. ఉడికేటప్పుడు ముక్కిన వాసన వచ్చేది, మేం పట్టించుకునేవాళ్లం కాదు. ఆ అన్నం తిని అమ్మ మర్నాడు కలుపు పని మానలేదు, ఇంకాస్త ఓపికతో వెళ్లింది. పైగా కూలి మరీ తక్కువిస్తామంటే "రానండీ" అనగలిగింది. ఆ మాట అనగలగడం ఎంత పెద్ద సంగతో కడుపు కాలినవాళ్లకి తెలుసు.

ఇప్పుడు ఆహార భద్రత చట్టం కింద చాలా కుటుంబాలకి వచ్చేది మనిషికి నెలకి 5 కిలోలు. రోజుకి సుమారు 166 గ్రాములు. అది చూసి ఎవరైనా పని మానుకుంటారా? కూలీలు దొరకడం లేదంటాం గానీ, వాళ్ల పిల్లలు చదువుకుని పట్నం వెళ్లిన సంగతి మనకి గుర్తుకు రాదెందుకో. రేపు టీ దగ్గర ఈ లెక్క చెప్తాను, వింటే వింటారు.