బొమ్మలకు వార్నిషు పూసిన నాడు

"అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల" యను సామెతను మేము తరగతి గదిలో పిల్లలకు ఎన్నిమాఱులు చెప్పితిమో లెక్కలేదు. చెప్పిన మేమే గత ఆశ్వయుజ మాసమున అడుసు త్రొక్కితిమి. ఉపాధ్యాయుడు తన పొరపాటును పాఠశాల పత్రికలో వ్రాసికొనుట తగదని యొకరిద్దఱు మిత్రులు హితవు చెప్పిరి. కాని పిల్లల తప్పులను ఎఱ్ఱసిరాతో దిద్దు మాకు, మా తప్పును నల్లసిరాతోనైన వ్రాయుట న్యాయమని తోచినది.

పాఠశాల ప్రదర్శనమునకై చిత్రలేఖనపు తరగతి పిల్లలు ఒక చిన్న పల్లెటూరిని నిర్మించిరి. సారె త్రిప్పు కుమ్మరి, కొలిమి యొద్ద కమ్మరి, చల్ల చిలుకు ఇల్లాలు, తాడి నెక్కు గీతగాడు, గంగిరెద్దు, ఇట్లు మొత్తము 40 బొమ్మలు. ఒక్కొక్కటి బెత్తెడు ఎత్తు మాత్రమే. విజయవాడకు సమీపమున నున్న కొండపల్లి పనివారి పద్ధతినే మేము అనుసరించితిమి. వారు తేలికయు మెత్తనయు నగు తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, అవయవములను వేఱువేఱుగ చేసి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నపుపూత వేసి, పిదప రంగులు దిద్దుదురు. మా పిల్లలు అక్రిలిక్ రంగులు వాడిరి. వీనిలో గంగిరెద్దు ఆఱవ తరగతి బాలుని పని. ఎఱ్ఱని, నీలి, పసుపు వన్నెల బొంతయు, మెడలో గవ్వలును, కాటుక దిద్దినట్టి కన్నులును వ్రాయుటకు వానికి తొమ్మిది దినములు పట్టినది. కంటిలోని వెలుగుచుక్కను సన్నని కుంచె కొనతో పెట్టునపుడు వాడు ఊపిరి బిగబట్టుట మేము చూచితిమి.

రంగు వేసిన బొమ్మకు పైపూత లేనిచో చూపరుల వ్రేళ్ల చెమటయు, దుమ్మును, రాపిడియు రంగును తినివేయును. మన ప్రాంతమున ఈ సంగతి పూర్వులెఱుగనిది కాదు. వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిమెనపై త్రిప్పుచు, రంగు కలిపిన లక్కకడ్డీని దానికి అదుముదురు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కఱ్ఱకు పట్టి మెఱయును. రంగును, రక్షణమును ఒక్క పూతయే. కాని గుండ్రముగ తిరుగు వస్తువులకే ఈ పద్ధతి చెల్లును. ముక్కును, మూపురమును గల బొమ్మకు చెల్లదు. అందువలన మేము పిచికారి డబ్బాలోని వార్నిషును తెచ్చితిమి.

డబ్బానుండి రంగును చిమ్ము సాధనమును 1949లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున ఎడ్వర్డ్ సీమర్ అనునతడు సిద్ధపఱచెను. అట్టి డబ్బాలలో ఒకప్పుడు వాడిన క్లోరోఫ్లోరోకార్బను వాయువులు ఆకాశమందలి ఓజోను పొరకు హాని చేయుచున్నవని తెలిసి, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందము తరువాత దేశములు వానిని క్రమముగ విడిచినవి. ఇప్పుడు పెక్కు డబ్బాలలో నున్నవి వంటగ్యాసు జాతి వాయువులు. ఇవి నిప్పునకు చుట్టములు. పాండవుల లక్కయిల్లు తలచుకొని, దీపమునకును పొయ్యికిని దూరముగ, గాలి యాడు చోట, ముక్కునకు ముసుగు కట్టుకొనియే ఈ పని చేయవలెను.

పని విధము కష్టమైనది కాదు. లోపలి గుండు గలగలలాడునట్లు డబ్బాను రెండు నిమిషములు ఊపవలెను. జానెడు మొదలు అడుగు వఱకు ఎడముంచి, చిమ్ముట బొమ్మకు ఇవతల మొదలిడి, బొమ్మ మీదుగ పోనిచ్చి, అవతల ఆపవలెను. ఒక్కటే దళమైన పూత వేసినచో కారి చారలు కట్టును. పలుచని పూతలు రెండో మూడో, నడుమ ఆఱనిచ్చుచు వేయవలెను. ఇవన్నియు మాకు తెలియును. పిల్లలకు నేర్పినదియు మేమే.

తెలిసియు లక్ష్యపెట్టనిది ఒక్కటి, అది గాలి. మఱునాడే ప్రదర్శనము. మధ్యాహ్నము నుండి తుంపర పడుచుండెను. వరండాలో బొమ్మలు వరుసగ పెట్టుచుండగా మా పాఠశాల వృద్ధ సేవకుడు గోడపై అఱచేయి ఆనించి, "అయ్యగారూ, గోడలు చెమరుస్తున్నాయండి. ఎండ వచ్చాక వేసుకుంటే బాగుంటుందేమో" అనెను. "ప్రదర్శనము ఎండకొఱకు ఆగునా?" యని మేము నవ్వి, డబ్బా నూపి, 40 బొమ్మలకును వార్నిషు చిమ్మితిమి.

పావుగంట గడచునప్పటికి బొమ్మలన్నిటిపై మంచు క్రమ్మినట్లు తెల్లని పొర లేచినది. కుమ్మరి నల్లని తలపాగ బూడిదయైనది. గంగిరెద్దు నీలి బొంత వెలిసినది. బాలుడు దానిని చేతికి తీసికొని చాలసేపు చూచి, "మాష్టరు గారూ, మా ఎద్దుకు కళ్లలో పొర కమ్మిందండి" అనెను. వాడు ఏడ్వలేదు. ఏడ్చినచో మాకు కొంత సులువుగ నుండెడిది.

డబ్బా పాతదనియో, దుకాణదారుడు మోసగించెననియో చెప్పుటకు మాట నాలుక చివరి వఱకు వచ్చినది. చెప్పియున్నచో పిల్లలు నమ్మియుందురు. కాని గోడ యొద్ద ఆ వృద్ధుడు నిలిచియుండెను. అతడు ఏమియు అనలేదు. మేము పిల్లలను పిలిచి, "డబ్బాలో లోపము లేదు. వానలో వేయరాదని ఇతడు చెప్పెను. మేము వినలేదు" అని చెప్పితిమి.

కారణమును మఱునాటి ఉదయము చూపితిమి. కంచు చెంబులో మంచుగడ్డలు వేయగా, కొంతసేపటికి చెంబు వెలుపల నీటి బొట్లు నిలిచినవి. ఆ నీరు గాలిలోని తేమయే. వార్నిషులోని ద్రావకము అతివేగముగ ఆవిరియగుచు, మట్టికుండ నీటిని చల్లబఱచిన విధముననే, బొమ్మ పైభాగమును చల్లబఱచును. తేమగల గాలి ఆ చల్లదనము తగిలి సూక్ష్మమైన నీటికణములై తడి పూతలో చిక్కుకొనును. ఆ పూత స్వచ్ఛముగ గట్టిపడక, వెలుతురును చెదరగొట్టి తెల్లగ కనబడును. లోపలి రంగు చెడలేదు. కనబడుట లేదు, అంతియే. ఈ మాట విని బాలుడు మొదటిసారి తలయెత్తెను.

ప్రదర్శనమున బొమ్మలను ఆ పొరతోనే యుంచితిమి. అడిగిన తల్లిదండ్రులకు కారణము చెప్పితిమి. పది దినములకు వాన వెలిసి పొడియెండ కాసినది. పలుచని క్రొత్త పూత క్రింది పూతను మెత్తపఱచి, చిక్కిన తేమకు దారి యిచ్చునని తెలిసి, మొదట మేము చెక్కిన నూతిగిలకపై పరీక్షించితిమి. పొర విడిపోయినది. ఐనను గంగిరెద్దు వంతు వచ్చినపుడు బాలుడు దానిని వదలలేదు.

"పోకపోతే ఎలాగండీ?" యని యడిగెను.

"పోనిచో మేమే మఱల వ్రాసి యిత్తుము" అంటిమి.

"మీరు రాస్తే అది నాది కాదు కదండీ" అనెను.

ఆ మాటకు మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. కొంత తడవు ఊరకుండి, డబ్బాను వాని కిచ్చితిమి. వాడు ముసుగు కట్టుకొని, రెండు నిమిషములు ఊపి, అడుగు దూరమున నిలిచి, ఒక్క పలుచని పూత పోనిచ్చెను. మేమందఱమును చూచుచుండగానే నీలి బొంత తేఱినది. పిదప కన్నులు తేఱినవి. వాడు పెట్టిన వెలుగుచుక్క మఱల కనబడినది.

నలువదింటిలో ముప్పదియాఱు బాగైనవి. నాల్గింటికి రంగు మరల వేయవలసి వచ్చినది. గంగిరెద్దు ఎడమచెవి లోపల ఆవగింజంత తెలుపు నేటికిని ఉన్నది. దిద్దుదుమా యని యడుగగా, బాలుడు వలదనెను.

ఇప్పుడు ఆ పల్లె మా గ్రంథాలయపు అద్దాల బీరువాలో నున్నది. వార్నిషు వేయవలసినపుడు మేము తొలుత డబ్బాను చేపట్టుట లేదు. ఆ వృద్ధ సేవకుని పిలిచి, గోడపై చేయి పెట్టి చూడుమని వేడుచున్నాము.