జేబులో నలిగే బొమ్మలు

చిత్రకారుడు అనగానే మనకి గోడకి వేలాడే పెద్ద ఆయిల్ పెయింటింగు గుర్తొస్తుంది. కొనుక్కునేవాడు ఒకడు, దూరం నుంచి చూసి వెళ్ళేవాళ్ళు మిగతా అందరూ. హెయోర్హీ నార్బుత్ అనే ఉక్రెయిన్ కళాకారుడి సంగతి వేరు. ఈయనకి పేరొచ్చింది కరెన్సీ నోట్లు, తపాలా బిళ్ళలు, పుస్తకాల అట్టలు, అక్షరాల వల్ల. అంటే జనం జేబుల్లో నలిగి, చిరిగి, ఆఖరికి చెత్తబుట్టలో పడే సరుకన్నమాట. మనం రాసే కోడు కూడా అంతేగా! అందుకేనేమో నాకు తెగ నచ్చేశాడు.

నాకు ఈయన్ని పరిచయం చేసింది మా ప్రాజెక్టులో కీవ్ నుంచి పనిచేసే ఒక డిజైనర్. పాత నోటు బొమ్మ ఒకటి పంపించి, "దీన్ని గీసినాయన గురించి చదువు" అన్నాడు. చదివాను. రెండు రోజులు వేరే పని తోచలేదు.

నార్బుత్ 1886లో హ్లుఖివ్ అనే ఊరి దగ్గర నార్బుతివ్కా పల్లెలో పుట్టాడు. చిన్నప్పుడు కత్తెరతో కాయితాలు కత్తిరించి బొమ్మలు చేసేవాడట. హైస్కూలుకొచ్చాక పాత రాతప్రతుల పిచ్చి పట్టుకుంది. 11వ శతాబ్దపు ఓస్త్రోమిర్ సువార్త లిపిని చూసి, అదే పద్ధతిలో మత్తయి సువార్తని కూర్చుని చేత్తో రాశాడు. మనం ఆ వయసులో ఇంపొజిషన్ రాయమంటేనే ఏడ్చేవాళ్ళం!

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. 1876లో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ఉక్రెయిన్ భాషలో పుస్తకాలు అచ్చు వెయ్యకూడదు. కథలకీ కవితలకీ కాస్త మినహాయింపు ఇచ్చినా, అవి కూడా రష్యన్ స్పెల్లింగులోనే ఉండాలి. 1905 విప్లవం వచ్చేదాకా ఆ కట్టడి పోలేదు. అంటే నార్బుత్ చదువుకున్న రోజుల్లో, ఇంటి చుట్టూ జనం మాట్లాడే భాషకి అచ్చులో సొంత రూపమే లేదు.

1906లో పీటర్స్‌బర్గ్ వెళ్ళి, పేరున్న చిత్రకారుడు ఇవాన్ బిలీబిన్ ఇంట్లో అద్దెకి దిగి, ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. కొన్నాళ్ళు మ్యూనిక్‌లో చదివాడు. క్రిలోవ్ నీతికథలకీ ఆండర్సన్ కథలకీ బొమ్మలు వేసి బాగా పేరు తెచ్చుకున్నాడు. హాయిగా అక్కడే సెటిలైపోవచ్చు. కానీ 1917లో చక్రవర్తి దిగిపోగానే మూటాముల్లె సర్దుకుని కీవ్ వచ్చేశాడు. ఆ ఏడాది చివర్లో మొదలైన ఉక్రెయిన్ ఆర్ట్స్ అకాడమీ స్థాపకుల్లో ఒకడు. గ్రాఫిక్స్ ప్రొఫెసరు, తర్వాత రెక్టరు.

కొత్త దేశం, ఖజానా ఖాళీ, సరిహద్దులో యుద్ధం. నోట్లు కావాలి. 100 కర్బోవానెత్స్‌ల నోటు గీసింది నార్బుతే. అది 1918 జనవరిలో బయటికొచ్చింది. దాని మీద త్రిశూలం ఉంది. అది ఆ దేశపు అధికార చిహ్నం అయింది ఆ తర్వాత నెలలో! నాకు మరీ నచ్చింది ఇంకోటి. నోటు విలువ ఉక్రెయిన్ భాషలోనే కాక రష్యన్, పోలిష్, యిడ్డిష్ భాషల్లో కూడా రాశారు. మన నోటు వెనకాల 15 భాషల పట్టీలో కింద నుంచి రెండో వరసలో తెలుగుంటుంది కదా, దాన్ని చూస్తే కలిగే చిన్న ధైర్యం కీవ్ బజార్లో యూదు వర్తకుడికి కూడా కలిగుంటుంది.

తపాలా బిళ్ళలదీ తమాషా కథే. 1918లో చిల్లర లేక, ఆ బిళ్ళల్నే దళసరి అట్ట మీద అచ్చు వేసి నాణేలకి బదులు వాడారు. వాటిలో 30, 40, 50 షాహ్‌ల బిళ్ళలు నార్బుత్‌వే.

ఇప్పుడు గిట్టనివాళ్ళు వేసే ప్రశ్న. మొదటి ప్రపంచ యుద్ధంలో చక్రవర్తి వైపు దేశభక్తి బొమ్మలు వేశాడు. తర్వాత రిపబ్లిక్‌కి నోట్లు గీశాడు. దాన్ని దించేసిన హెత్మన్‌కి రాజ్యచిహ్నం నమూనా గీశాడు. 1919లో బోల్షివిక్కులొస్తే వాళ్ళ పత్రికలకి అట్టలు వేశాడు. ఎవరొస్తే వాళ్ళ పాట పాడే రకమా?

నాకలా అనిపించదు. ఆ మూడేళ్ళలో కీవ్ పదిసార్లకి పైగా చేతులు మారింది. మారనిది ఆయన అక్షరం. పాత రాతప్రతులూ కొసాక్కుల కచేరీ రాతలూ కలిపి ఉక్రెయిన్ అక్షరానికి ఒక రూపం ఇచ్చాడు. ఎవరి కాయితం మీదైనా అదే అక్షరం. 1917లో "అబెత్కా" అని ఒక్కో అక్షరానికి ఒక్కో పేజీ బొమ్మ మొదలెట్టాడు. అది పూర్తవలేదు. టైఫస్ దెబ్బకి కోలుకోక 1920 మే 23న, 34 ఏళ్ళకే పోయాడు. అప్పుడు కీవ్‌లో ఉన్నది పోలండ్ సైన్యం.

తర్వాతి కథ అంతకన్నా చేదు. కవి అయిన తమ్ముడు వొలొదిమిర్ 1938లో కోలిమా శిబిరాల్లో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. 1933లో సోవియట్ ప్రభుత్వం ఉక్రెయిన్ వర్ణమాలలోంచి "ґ" అనే అక్షరాన్నే తీసేసింది. ఒక్క అక్షరానికి అంత భయపడ్డారు! 1990లో గానీ అది తిరిగి రాలేదు. 2024లో, మళ్ళీ మే 23నే, ఖార్కివ్‌లో ఒక పెద్ద ప్రింటింగ్ ప్రెస్ మీద రష్యా క్షిపణులు పడి ఏడుగురు చనిపోయారు.

మన అక్షరాన్ని ఎవరూ నిషేధించలేదు. క్షిపణులూ వెయ్యలేదు. మనకున్న జబ్బల్లా అశ్రద్ధ. ఇంగ్లీషు కోసం పెట్టిన లైన్ హైట్‌లో తెలుగు ఒత్తులు అడుగున తెగిపోతాయి. టెస్టరు బగ్ వేస్తే "లో ప్రయారిటీ" అని మూసేస్తారు, మూసేది చాలాసార్లు తెలుగువాడే. ఆ స్క్రీన్‌లో పెన్షన్ మొత్తం చదువుకునే పెద్దాయనకి మాత్రం అది లో ప్రయారిటీ కాదు.

నార్బుత్ గీసిన నోట్లు మూడు నాలుగేళ్ళు కూడా చెల్లలేదు. అయినా వాటి మీద అక్షరాన్ని ఆయన చవగ్గా గియ్యలేదు. వచ్చే రిలీజ్‌కే మారిపోయే స్క్రీన్‌కి అంత శ్రద్ధ ఎందుకని అడిగేవాళ్ళకి నేను ఇప్పుడు ఆ నోటు బొమ్మ పంపిస్తున్నాను. మీరైతే ఏం చెప్తారు?