ఆటల పద్దు

మా ఇంటి జమాఖర్చుల పుస్తకంలో పాలు, కరెంటు, స్కూలు ఫీజుల తర్వాత 'ఆటలు' అని ఒక పద్దు ఉంటుంది. నేను చేసేది అకౌంట్స్ ఉద్యోగం, పద్దు రాయకపోతే నిద్ర పట్టదు. మా అత్తగారి దృష్టిలో ఇంట్లో కూర్చుని ఆడే ఆటంటే అష్టాచెమ్మా, వైకుంఠపాళి. సుద్దముక్కతో గీసిన గడులు, నాలుగు గవ్వలు ఉంటే చాలు. మేం కొనే బోర్డు ఆటలు ఒక్కో డబ్బా మూడు వేలు, నాలుగు వేలు అని తెలిసిన రోజున ఆవిడ "ఈ అట్టముక్కలకా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి సరైన జవాబు నా దగ్గర చాలాకాలం లేదు.

మొదట్లో నేను చెప్పిన జవాబు భాగహారం. డబ్బా ధరను ఆడిన గంటలతో, ఆడిన మనుషులతో భాగించడం. టికెట్ టు రైడ్ అనే ఆట 4,000 రూపాయలు అనుకుందాం. గంట ఆట, నలుగురు మనుషులు, ఇరవైసార్లు ఆడితే మనిషికి గంటకు 50 రూపాయలు. సినిమా టికెట్టు, పాప్‌కార్న్ లెక్క ముందు ఇదెంత? అత్తగారు కూడా తలూపారు.

కానీ ఈ లెక్కను నమ్ముకుంటే అందరికంటే ముందు కొనాల్సింది గ్లూమ్‌హేవెన్. దాదాపు పది కిలోల డబ్బా, లోపల 95 ఘట్టాలు. 12,000 పెట్టి కొని, నలుగురు కలిసి ఘట్టానికి రెండు గంటల చొప్పున సగం ఆడినా మనిషికి గంటకు 32 రూపాయలే. ఒక స్నేహితురాలి ఇంట్లో ఆడి చూశాను. చక్కటి ఆట. అందరూ తలలు వంచుకుని చేతిలో పేకలు చూసుకుంటూ ఎత్తులు వేస్తున్నారు. నాకు మాత్రం ఆవులింతలు ఆగలేదు. గంట ఎంత చవకైతేనేం, ఆ గంట నాకు వద్దనిపించాక?

అప్పటినుంచి పద్దులో ధర పక్కన ఇంకో గడి గీశాను. ఆట అయ్యాక, వచ్చినవాళ్ళు చెప్పులేసుకుంటూ దేని గురించి మాట్లాడుకుంటున్నారు, నేను దేని గురించి నవ్వుకుంటున్నాను అన్నది అందులో రాయడం. గెలిచిందెవరో రాయలేదు. కొన్నాళ్ళకు ఆ గడి తిరగేస్తే నా వరకు దాదాపు అన్నీ ఒకటే మాట చెప్పాయి: బేరం.

కటాన్ తీసుకోండి. పళ్ళ సెట్లు చేసే వృత్తిలో ఉన్న క్లౌస్ టాయ్‌బర్ 1995లో జర్మనీలో తెచ్చిన ఆట ఇది. కలప, ఇటుక, ఉన్ని, ధాన్యం, ఖనిజం పోగేసి ఊళ్ళు కట్టుకోవాలి. ఏ ఒక్కరి దగ్గరా అన్నీ ఉండవు, ఎదుటివాళ్ళను అడగక తప్పదు. పాచికలు ఎవరి చేతిలో ఉన్నా బేరానికి మన పేరు రావచ్చు కాబట్టి ఎవరూ ఫోను తీయరు. మా పక్కింటి పిన్నిగారు ఈ ఆటను రైతుబజారులా ఆడతారు. "రెండు గొర్రెలిస్తాను, ఒక్క ఇటుక ఇవ్వమ్మా అమ్మాయ్. పోనీ నీకూ వద్దు నాకూ వద్దు, వచ్చేసారి దొంగను నీ మీదికి తోలను, సరేనా?" నియమాల పుస్తకంలో అలాంటి ఒప్పందానికి కట్టుబాటేమీ లేదని తెలిసీ నేను ఇటుక ఇచ్చేస్తాను. ఆవిడ మాత్రం సరుకు రాకుండా అడ్డుపడే ఆ దొంగ బొమ్మను నా మీదికే తోలుతారు.

మా ఆయన ఇదేమీ పట్టించుకోరు. రెండు పాచికలు వేస్తే వచ్చే 36 కలయికల్లో ఏడు పడేవి ఆరు, ఆరుకీ ఎనిమిదికీ అయిదేసి అని లెక్కేసుకుని, బోర్డు మీద ఆరు, ఎనిమిది అంకెలున్న చోట ఊళ్ళు పెట్టుకుని మౌనంగా కూర్చుంటారు. ఒకే డబ్బా, ఒకే ధర. ఇద్దరం కొనుక్కున్నది మాత్రం వేర్వేరు సరుకు.

ఇది తెలిశాక కొనుగోళ్ళు మారాయి. అజూల్ పలకలు చేతికి ఎంత బావుంటాయో చెప్పలేను, కానీ అందులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. అరువు తెచ్చుకుని ఆడి ఇచ్చేశాను. కోడ్‌నేమ్స్‌లో 25 పదాలు పరచి, ఒక్క మాట సూచనతో మన జట్టు పదాలు పట్టించాలి. ఇంగ్లిష్ పదాలతో మా అత్తగారు ఆడలేకపోతుంటే తెల్లకాగితం చీటీల మీద తెలుగు పదాలు రాశాం. ఆవిడ "పెళ్ళి, మూడు" అనగానే జట్టంతా పందిరి, భజంత్రీలు, అప్పు అని వేళ్ళు పెట్టేసింది. మూడూ సరైనవే. ఆ చీటీలకైన ఖర్చు సున్నా, పద్దులో కూడా సున్నా అనే రాశాను.

అమ్ముడుపోయే ధర కూడా లెక్కలోకి రావాలి. ఇక్కడ దొరికే పెద్ద ఆటలు చాలావరకు దిగుమతి సరుకు కావడం వల్ల కావచ్చు, మూలలు నలగని డబ్బాకు సెకండ్ హ్యాండ్‌లో మా అనుభవంలో మూడింట రెండొంతులు వస్తోంది. 3,000 పెట్టి కొని 2,000కి అమ్మితే అసలు ఖర్చు వెయ్యే. 2015లో వచ్చిన పాండెమిక్ లెగసీకి ఈ లెక్క పనికిరాదు. అందులో ఆడుతూ ఆడుతూ బోర్డు మీద స్టిక్కర్లు అంటించాలి, పేకలు చింపేయాలి. పన్నెండు నుంచి ఇరవై నాలుగు ఆటల్లో కథ ముగుస్తుంది, ఆ తర్వాత డబ్బాను ఎవరూ కొనరు. కథే కావాలనుకునేవాళ్ళకు అది నష్టం కాదు. నాకు కథ అక్కర్లేదు.

ఇలా కొనకుండా మిగిలిన డబ్బు గుండ్రటి బల్లకు వెళ్ళింది. పాతదే, 6,000. పొడుగు డైనింగ్ టేబుల్ మీద చివర కూర్చున్నవాళ్ళ ముఖం కనపడదు, ముఖం కనపడకపోతే బేరంలో అబద్ధం పట్టుకోలేం. నూనె చేతుల మరకలు పడకుండా పేకలకు ప్లాస్టిక్ తొడుగులు కొందామనుకున్నాం కానీ మిరపకాయ బజ్జీలు మానేసి వేయించిన పల్లీలు, జామకాయ ముక్కలు పెడితే సరిపోయింది.

ఇప్పుడు పద్దు రెండు పేజీలు. మా ఆయన పేజీలో వింగ్‌స్పాన్: 170 పక్షుల పేకలు, ఒంటరిగా ఆడుకునే ఏర్పాటు కూడా ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు దానితోనే గడుపుతారు. కొత్త పక్షుల పొడిగింపు కావాలంటే ఆయన నెలవారీ వాటాలోంచే. నా పేజీలో ఈ నెల కటాన్‌కు అయిదారుగురు ఆడే పొడిగింపు ఉంది, సుమారు 2,000. మామూలు డబ్బా నలుగురికే, పిన్నిగారి చెల్లెలు కూడా వస్తున్నారిప్పుడు. సగం తనే భరిస్తానని, కాకపోతే డబ్బా తమ ఇంట్లో ఉండాలని పిన్నిగారు అన్నారు. డబ్బా మా ఇంట్లోనే ఉంటుంది, మీరు 800 ఇస్తే చాలన్నాను. నిన్న 600 దగ్గర ఆగారు, పైన ఒక సీసా ఆవకాయ ఇస్తారట.