గడప మీద గోదావరి

మెట్టుగూడలో ఆ ఇంటి మేడ మెట్లు ఎక్కుతుంటే పైనుంచి సైకిల్ గంట వినిపించింది. రెండుసార్లు మోగి ఆగింది. కాస్సేపటికి ఇంకో మూల నుంచి ఇంకో గంట జవాబిచ్చింది. నా ముందు నడుస్తున్న అమ్మగారు చేతిలో ఖాళీ పళ్లెం, చంకలో చుట్టిన చాప పట్టుకుని, "లైన్ క్లియర్ ఇచ్చుకుంటున్నారు, మనం కాస్త ఆగాలి" అన్నారు. మే నెల ఎండలో గది బయట ఇద్దరం నిలబడ్డాం. తలుపు తెరిచే ఉంది. గుమ్మానికి అడ్డంగా, నా రొమ్ము ఎత్తున, ఒక తెల్లటి వంతెన. దాని మీంచి చిన్న ప్యాసింజరు బండి నెమ్మదిగా వెళ్లిపోయింది. ఇంజనూ నాలుగు పెట్టెలూ దాటాక లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చి ఆ వంతెనను ఏకపళంగా ఎత్తేసింది.

"ఇప్పుడు రండి" అన్నారు మాస్టారు.

ఆయన స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. పుట్టింది కొవ్వూరు. ఉద్యోగమంతా విజయవాడ డివిజన్లో చిన్న చిన్న స్టేషన్లలో గడిచింది. కొడుకు ఇక్కడ ఉంటాడని సికింద్రాబాద్ వచ్చేశారు. మేడ మీద ఉన్న ఈ ఒక్క గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. ఇందులోనే ఆవకాయ జాడీలు, వడియాల చాపలు, పాత ట్రంకు పెట్టె. వాటన్నిటి నడుమ ఆయన రైలు.

నేను వెళ్లిన పని ఇది. మా ఇంట్లోనూ ఒక బల్ల ఉంది. 8 అడుగులు, 4 అడుగుల ప్లైవుడ్ షీటు మీద కోలగా పట్టాలు వేసి, హెచ్‌ఓ కొలతలో ఒక ఇంజను తిప్పుతున్నాను. హెచ్‌ఓ అంటే అసలు బండిలో 87వ వంతు. నెల తిరిగేసరికి మా అబ్బాయి అటు చూడటం మానేశాడు. ఇంకో రెండు షీట్లు తెచ్చి పెద్దది చేద్దామనుకుంటుంటే, ఒక మిత్రుడు ముందు మాస్టారి గది చూసి రమ్మన్నాడు. టేపు, కాగితం పట్టుకుని వెళ్లాను.

కూర్చోగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మీ బల్ల మీద బండి ఎక్కడ ఆగుద్దండి?"

"ఎక్కడా ఆగదండి. తిరుగుతూనే ఉంటుంది."

"ఆయ్. అదేనండి మరి. ఆగే చోటు లేని బండిని ఎవరు చూస్తారు? పట్టాలు ఎన్ని అడుగులు పెంచినా అంతే."

ఆ మాట తర్వాత ఆయన చెప్పిందంతా ఆగే చోటు గురించే. ట్రంకు పెట్టెలోంచి ఖాకీ కాగితం చుట్ట తీసి నేల మీద పరిచారు. విస్తరణకు ముందు వేసుకున్న ప్లాను. చిన్నగా గీసుకున్నది కాదు, అసలు సైజులోనే. ఒక లైను రెండుగా విడిపోయే పాయింట్ల బొమ్మలు జిరాక్సు తీసి, కత్తిరించి, దాని మీద అంటించారు. చిన్న కాగితం మీద ఏ లైనైనా పడుతుందనిపిస్తుంది, నేల మీద పరిస్తేగాని పట్టదని తెలియదన్నారు.

ఆయనకూ మొదట నాలాంటి బల్లే ఉండేది. దాని మీద ఒక లూప్ లైను వెయ్యాలని ప్రయత్నించారు. ఒక బండి లూపులో ఆగి ఉంటే ఇంకోటి మెయిన్ లైన్లో దాటి వెళ్లాలి. మన ఊళ్లలో 'క్రాసింగ్ పడింది' అంటామే, అది. లెక్క వేసి చూపించారు. 8 అడుగులంటే 96 అంగుళాలు. రెండు చివర్లా బండి వెనక్కి తిరగడానికి 18 అంగుళాల వ్యాసార్ధంతో వంపులు. అంచున రెండేసి అంగుళాల జాగా. మిగిలిన తిన్నని లైను 56 అంగుళాలు. అందులో అటొక పాయింటు, ఇటొక పాయింటు 9 అంగుళాల చొప్పున తినేస్తాయి. రెండు లైన్లు పక్కపక్కన బండి తగలకుండా విడిపడేదాకా ఇంకొంత పోతుంది. చివరికి లూపులో పట్టేది ఇంజను, దాని వెనక ఒక పెట్టె.

"ఒక పెట్టె బండికి క్రాసింగేంటండి" అన్నారు. ఆ గొంతులో నిజమైన బాధ ఉంది.

మన ఐసీఎఫ్ రకం రైలు పెట్టె బఫర్లతో కలిపి 22.3 మీటర్లు. హెచ్‌ఓలో 25 సెంటీమీటర్ల పైన వస్తుంది. 24 పెట్టెల ఎక్స్‌ప్రెస్‌ను ఉన్నదున్నట్టు చేస్తే బండి ఒక్కటే 21 అడుగులు. ఈ గదిలో ఏ గోడ వెంటా పట్టదు. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది పట్టాలు ఎంత అన్నది కాదు, మన బండికి ఎన్ని పెట్టెలు అన్నది. ఆయన నాలుగన్నారు. ఇంజనుతో కలిపి 4 అడుగులు. పాయింట్లూ విడిపడే జాగా కలుపుకుంటే స్టేషనుకు 7 అడుగుల తిన్నని లైను కావాలి. ఆ ఒక్క అంకెలోంచే గది ప్లాను మొత్తం పుట్టింది.

అయితే అక్కడికి ఆయన తిన్నగా రాలేదు. మధ్యలో ఒక ఏడాది కొండ ఎక్కే ప్రయత్నం చేశారు. ఉన్న బల్ల మీదే లైను పైకి లేపి, కింది లైనును దాటిస్తే దూరం రెట్టింపవుతుందనుకున్నారు. ఒక లైను మీంచి ఇంకోటి పోవాలంటే 3 అంగుళాల ఎత్తు కావాలి. నూటికి రెండు చొప్పున ఎక్కిస్తే ఎక్కడానికి పన్నెండున్నర అడుగులు, దిగడానికి మరో పన్నెండున్నర. ఆ బల్ల మీద చుట్టు మొత్తం 19 అడుగుల లోపే. తొందరపడి 8 అడుగుల్లోనే ఎక్కించారు. అంటే 32 అడుగులకు ఒక అడుగు. బోర్ ఘాట్ కొండ లైనులో 37కు ఒకటి ఉన్న చోటే వెనక బ్యాంకర్ ఇంజన్లు పెట్టి నెట్టిస్తారు. ఇక్కడ వంపు మీద చక్రాలు గిర్రున తిరిగేవి, బండి మాత్రం కదిలేది కాదు. ఒకరోజు రాత్రి కూర్చుని మొత్తం విప్పేశారు. ఆ థర్మోకోల్ కొండ ముక్క ఒకటి ఇంకా జాడీల వెనక ఉంది.

విప్పిన ప్లైవుడ్‌ను పారెయ్యలేదు. నిలువునా మూడు ముక్కలు కోయించారు. ఒక్కోటి 16 అంగుళాల వెడల్పు, 8 అడుగుల పొడవు. ఇంకో షీటు తెచ్చి అలాగే కోయించి, గది నాలుగు గోడల వెంటా అలమర బల్లల్లా బిగించారు. గది మధ్య ఖాళీ, అక్కడ మనిషి నిలబడతాడు. ఇందులో ఉన్న సుళువు నాకు చూశాకే తెలిసింది. బల్ల మీద బండి ఒక్కో చివర ఒక్కసారిగా వెనక్కి తిరగాలి, అందుకే వంపు అంత బిగుసుకుంటుంది. గోడల వెంట పోతే మూల మూలకూ పావు వంతు తిరిగితే చాలు. పెట్టె పొడవుకు మూడింతలు వంపు వ్యాసార్ధం ఉంటే బండి అందంగా వంగుతుందని ఆయన లెక్క. అలా 30 అంగుళాలు పెట్టారు. 12 అడుగుల గోడకు రెండు మూలల్లో 30 చొప్పున తీసేస్తే మిగిలేది 84 అంగుళాలు. సరిగ్గా 7 అడుగులు. కొవ్వూరు అక్కడ కూర్చుంది.

నేను రాజమండ్రి ఎక్కడని అడిగాను. లేదన్నారు. నాకు నచ్చలేదు, ఆ మాటే చెప్పాను కూడా. గోదావరి వంతెన ఉంది, ఇటు కొవ్వూరు ఉంది, అటు రాజమండ్రి లేకుండా ఎలా?

"పట్టదండి. అన్ని ప్లాట్‌ఫారాల స్టేషన్ని రెండు లైన్లకు కుదించి బోర్డు రాస్తే రాజమండ్రి అయిపోద్దా? చిన్న స్టేషనైతే నిండుగా పెట్టొచ్చు. కొళాయి దగ్గర తడి దాకా పెట్టొచ్చు."

నిజంగానే పెట్టారు. కొళాయి కింద వార్నిష్ చుక్కతో చేసిన తడి, బెంచీ, వేపచెట్టు, ప్లాట్‌ఫారం చివర వాలు మీద పసుపు రంగు పేరు బోర్డు. అసలు లైను డబుల్ లైను. ఆయన గదిలో సింగిలే. అదీ తెలిసి వదిలేసిందే. వంతెన దాటాక రాజమండ్రి ఉన్నట్టు గోడ మీద మేడలూ కొబ్బరిచెట్లూ గీసి, అక్కడి నుంచి లైనును ఒక అట్ట గోడ వెనక్కి పంపారు. దాని వెనక మూడు లైన్ల యార్డు. సామర్లకోట వైపు వెళ్లిన బండి అందులో ఆగుతుంది, తర్వాత నిడదవోలు నుంచి వచ్చే బండిగా ఇటు బయటపడుతుంది. కనపడని ఆ మూడు లైన్లు లేకపోతే ఈ గది కూడా గుండ్రంగా తిరిగే బల్లే అయ్యేదని నాకు గట్టిగా అనిపించింది. బండి ఎక్కడికో వెళ్లాలి, ఎక్కడి నుంచో రావాలి. కళ్లముందే ఉంటే ప్రయాణమే లేదు.

పుణెలో కోత్రూడ్ దగ్గర జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. 1998లో తెరిచారు. మాస్టారు అక్కడికి రెండుసార్లు వెళ్లారు. అంత ఏర్పాటును ఇంట్లో అనుకరించబోతే ఏదీ పూర్తవదని అక్కడే అర్థమైందట.

ఇక తలుపు. గోడలన్నీ చుట్టిన లైను గుమ్మం దగ్గర తెగిపోతుంది. అమ్మగారికి రోజుకు పదిసార్లు గదిలో పని. అక్కడే గోదావరి పెట్టాలని ఆయనకు తోచింది. గోదావరి మీది పాత హేవలాక్ వంతెన 1900లో మొదలై 1997లో పక్కకు తప్పుకుంది. 56 ఖానాలు, ఒక్కోటి 45.7 మీటర్లు. హెచ్‌ఓలో మొత్తం చెయ్యాలంటే 96 అడుగులు కావాలి. దాని బదులు వచ్చిన ఆర్చి వంతెనలో 28 ఖానాలు, ఒక్కోటి 97.55 మీటర్లు. అందులో ఒక్క ఖానా 44 అంగుళాలు వస్తుంది. గుమ్మం 36. ఆ ఎనిమిది అంగుళాలూ ఎలా తగ్గించాలా అని ఆయన చాలా రోజులు అట్టముక్కలు కోశారు. నిడివి తగ్గించి ఎత్తు ఉంచేస్తే ఎద్దు మూపురంలా కనిపించింది. ఎత్తు కూడా అదే పాళ్లలో తగ్గించాక కుదిరింది. ఆర్చి నుంచి వేలాడే కడ్డీలకు సన్న స్టీలు తీగ, అడుగున బలానికి అల్యూమినియం చానల్. తలుపు లోపలికి తెరుచుకునేది. రెక్కలు తిప్పించి బయటికి తెరుచుకునేలా చేయించారు.

వంతెన ప్రతిసారీ అదే చోట, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. రెండు వైపులా చిన్న ఇత్తడి గడియలు బిగించారు. పట్టాల కొసల కింద ఇత్తడి స్క్రూలు దిగ్గొట్టి, పట్టాను వాటికి సోల్డరు చేశారు. మేకులు కొడితే ఊగిపోతాయట. వంతెన ఎత్తగానే ఒక మైక్రోస్విచ్ వదులవుతుంది. అటూ ఇటూ మూడేసి అడుగుల లైనులో కరెంటు పోతుంది. బండి ఏ వేగంతో వచ్చినా గుమ్మం అంచుకు ముందే ఆగుతుంది. ఇది రాసేటప్పుడు కూడా ఆ చిన్న స్విచ్ 'టిక్' మన్న చప్పుడు నా చెవిలో ఉంది. ఒక జీవితకాలం బండ్లను క్షేమంగా పంపిన మనిషి తన గదిలో ముందుగా పెట్టుకున్నది అదే.

ఇప్పుడు ఒక్కో ఇంజనులో చిప్పు పెట్టి, నంబరు ఇచ్చి, ఏ ఇంజనుకు ఆ ఇంజనుగా నడిపే డిజిటల్ పద్ధతి ఉంది. ఆయన వద్దనుకున్నారు. మామూలు 12 వోల్టుల డీసీయే. లైనును ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకు ఒక స్విచ్. "నేను బండికి కాదండి, లైనుకు అధికారం ఇస్తాను" అన్నారు. స్టేషన్ మాస్టరు నోట ఆ మాట వింటే అది పాత పద్ధతి అనబుద్ధి కాలేదు. బల్ల అడుగున ఇళ్లలో వాడే 1.5 స్క్వేర్ ఎంఎం వైరు గది చుట్టూ తిరుగుతుంది. మూడేసి అడుగులకు ఒక సన్న వైరు పైకి వెళ్లి పట్టాకు అంటుకుంటుంది. పట్టాల జాయింట్లను నమ్ముకుంటే ఆరు నెలల్లో బండి చివరి మూలలో నీరసపడిపోతుందట. మేడ గది కాబట్టి ఎండాకాలం పట్టాలు సాగుతాయి. జాయింటు జాయింటుకూ విజిటింగ్ కార్డు మందం ఖాళీ వదిలారు.

కంకర దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అది కొవ్వూరు రేవు ఇసుక. మూడు జల్లెళ్లు పట్టి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో గిన్నెల సబ్బు చుక్క వేసి, ఇంకు ఫిల్లరుతో పోశారు. సబ్బు లేకపోతే జిగురు ఇసుక మీద గుండ్లుగా నిలబడిపోతుంది. పొయ్యకముందు ఇసుక మీద అయస్కాంతం తిప్పాలి. నల్ల రేణువులు బోలెడు అంటుకొస్తాయి. అవి ఉండిపోతే ఇంజను మోటారులోకి ఎక్కుతాయి.

ఒక సంగతి నేనే అడిగాను. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు. 87వ వంతు 19 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. మార్కెట్లో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5. అది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజికి కట్టిన లెక్క. హైదరాబాద్ మెట్రోకు సరిపోతుంది గానీ కొవ్వూరుకు కాదు. ఆయన తల ఊపారు. ఎదురుగా చూస్తే తనకూ ప్రతిసారీ తెలుస్తుందన్నారు. అందుకే లైను ఎక్కడా మన వైపు ఎదురుగా రాకుండా, పక్క నుంచే కనపడేలా పెట్టుకున్నారు. గది చుట్టూ గోడల వెంట వేసిన లైనులో ఈ మేలు కూడా ఉంది.

ఇందాక రెండో గంట కొట్టిన మాస్టారి మనవరాలు సాయంత్రం ట్యూషనుకు వెళ్లిపోయింది. ఆమె కూర్చునే యార్డు స్టూలు నాకిచ్చారు. నా చేతికింద మూడు స్విచ్‌లు, ఒక సైకిల్ గంట. కొవ్వూరు లూపులో గూడ్సు నిలబడి ఉంది. నా దగ్గర ప్యాసింజరు. గంట కొట్టి అడిగాను. జవాబు వచ్చింది. స్విచ్ వేశాను. బండి అట్ట గోడ చాటు నుంచి బయటికి వచ్చి, కొబ్బరిచెట్ల బొమ్మ ముందు నుంచి వంతెన ఎక్కింది. కింద గోదావరి లేదు, పసుపు రాసిన గడప ఉంది. గడప మీద ఒక రూపాయి బిళ్ల. పొద్దున బండి వంతెన దాటుతుంటే మనవరాలు వేసిందట, ఎవరూ తియ్యలేదు.

ప్యాసింజరు కొవ్వూరులో ఆగింది. మాస్టారు వాచీ చూసుకున్నారు. ఒక నిమిషం పూర్తయ్యేదాకా గూడ్సును కదపలేదు. ఆ నిమిషంసేపు గదిలో ఏదీ కదల్లేదు, నేను మాత్రం ఆగి ఉన్న ఆ రెండు బండ్ల నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. తర్వాత గూడ్సు నెమ్మదిగా వంతెన మీదుగా నా వైపు వచ్చి రెండో లైన్లో నిలిచింది.

బయటి నుంచి అమ్మగారు పిలిచారు. "కాసేపు లైను బ్లాక్ ఇస్తారా, వడియాలు ఎత్తాలి."

మాస్టారు నా వైపు చూశారు. స్విచ్‌లు మూడూ కట్టేసి, లేచి వెళ్లి, గడియలు రెండూ వెనక్కి లాగి, వంతెనను రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను.