దుమ్ముగూడెం గట్టున ఒక రాత్రి

కల్లూరు నుండి సత్తుపల్లి, పాల్వంచల మీదుగా భద్రాచలం చేరి, గోదావరి వెంట ఎగువకు సుమారు 25 కిలోమీటర్లు వెళితే దుమ్ముగూడెం వస్తుంది. బీరారు పత్తిని పడవల మీద సముద్రానికి చేర్చాలని సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన మార్గం కోసం ఇక్కడ రాతి ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. ఖర్చు పెరిగి 1871లో ఆ పని ఆగిపోయింది. పని చూచిన హేగ్ అనే ఇంజనీరు ప్రోత్సాహంతో కోయల మధ్య మొదలైన సువార్త సేవ మాత్రం ఆగలేదు.

మా సంఘ యవ్వనస్థులతో అక్కడి గట్టు మీద టార్పాలిన్ కట్టుకొని రాత్రి బస చేశాము. చీకటి పడ్డాక ఒక కోయ కుటుంబం వచ్చింది. పర్ణశాల వైపు బంధువుల పెళ్ళికి వెళ్తూ, చివరి ఆటో దొరకక ఆగిపోయారు. వారిది 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన పోలవరం ముంపు మండలాలలోని ఒక ఊరు. ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నారు.

మేము బియ్యం పొయ్యి మీద పెట్టేలోగా, వారిలో పెద్దావిడ మూట విప్పి ఎండుచేపలు కాల్చి మా పిల్లలకు పంచింది.

"అవ్వా, కొత్త ఇల్లు బాగుందా?" అని అడిగాము.

"స్లాబు ఇల్లే అయ్యగారూ. కాని ఇప్పచెట్టు లేదు, ఏరు లేదు. చుట్టాలు తలో కాలనీలో పడ్డారు" అన్నది.

పరదేశులకు ఆతిథ్యమివ్వమని మనం బోధిస్తాము. ఊరు పోగొట్టుకొన్నవారే ఆ రాత్రి మాకు ఆతిథ్యమిచ్చారు. మీ దగ్గరలో పునరావాస కాలనీ ఉన్నదా? ఒకసారి వెళ్ళి, వారు విడిచివచ్చిన ఊరి పేరు అడగండి. చెప్పడానికి వారికి చాలా ఉంటుంది.